పూలజడ ఎందుకు జారుతుంది?

మా పిన్ని కూతురి పెళ్ళిలో రాత్రి పదకొండున్నరకి జడ జారడం మొదలుపెట్టింది. ముహూర్తం రెండుంపావుకి. బ్యూటీషియన్ ఎందుకు, జడ ఇంట్లోనే వేసేద్దాం అన్నది నేనే. పిల్లకి నడుము దాటిన జుట్టు, పిడికిట పట్టనంత ఒత్తు. "ఇంత జుట్టుంటే సవరం కూడా అక్కర్లేదు, అరగంట పని" అని కూడా అన్నాను. గౌరీపూజ దగ్గర కూర్చుని లేచేసరికి, జడ మొదట్లో తల వెనక పెట్టే నాగరం బిళ్ళ మెడ మీదికి వచ్చేసింది, పూలజడ మొత్తం బెత్తెడు కిందికి దిగింది. ముప్ఫై పిన్నులు పెట్టాం, ఒక్కటీ ఊడలేదు. పిన్నులతో సహా జారింది!

మా అమ్మమ్మ వచ్చి చూసి, "పొద్దున తలకి ఏం పోశారే?" అని అడిగింది. జడ సంగతి చూడమంటే తలంటు సంగతి అడుగుతుందేమిటని విసుక్కున్నాను. ఆ తర్వాత ఇంట్లో పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ జడలు వేయగా వేయగా తెలిసింది, సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉందని.

పొడవు జుట్టుంటే పెళ్ళిజడ తేలిక అనుకుంటాం. నిజానికి అదే కష్టం. ఎందుకో తెలియాలంటే ముందు వెంట్రుక దగ్గరికి వెళ్ళాలి.

తల ఒకటే, జుట్టు రెండు రకాలు

వెంట్రుక నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఏడాదికి 12. నడుము దాటిన 75 సెంటీమీటర్ల జుట్టులో మాడు దగ్గరి భాగం నిన్నమొన్న పుట్టింది, కొస మాత్రం ఆరేళ్ళ కిందటిది. ఆ కొస ఆరు వేసవుల ఎండ చూసింది, ఆరేళ్ళ తలంట్లు, దువ్వెనలు, తువ్వాలు రాపిళ్ళు చూసింది. అవి రెండూ ఒకేలా ఉంటాయని ఎలా అనుకుంటాం?

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. పలచని పొలుసులు ఒకదాని మీద ఒకటి, అంచులు కొస వైపుకి ఉండేలా సర్దుకుని ఉంటాయి. ఒక్క వెంట్రుక తీసుకుని మొదలు నుంచి కొసకి వేళ్ళ మధ్య జారవిడవండి, నున్నగా వెళ్తుంది. కొస నుంచి మొదటికి లాగండి, గరుగ్గా తగులుతుంది. మాడు దగ్గర పొలుసులు కొత్తవి, కుదురుగా అతుక్కుని ఉంటాయి కాబట్టి అక్కడ జుట్టు జారుడు. కొసల్లో అవి అరిగిపోయి, లేచిపోయి ఉంటాయి కాబట్టి అక్కడ చిక్కు.

జడ నిలిచేది రాపిడి మీద. పై భాగానికి పట్టు తక్కువ, కింది భాగానికి ఎక్కువ. కాబట్టి పైన పట్టు పెంచాలి, కింద నునుపు పెంచాలి. మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. పైన చిన్న వెంట్రుకలు లేస్తున్నాయని సీరమో నూనో రాసి నున్నగా దువ్వుతాం, కింద జడ విడిపోతుందని రబ్బరుబ్యాండ్లు బిగిస్తాం. బరువంతా మోసేది పైన. దాన్నే అద్దంలా చేసేసి, పిన్నులు నిలబడ్డం లేదని పిన్నుల కంపెనీని తిడతాం.

ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్న. కండిషనర్ పనే రాపిడి తగ్గించడం. వెంట్రుక మీద, ముఖ్యంగా అరిగిన చోట్ల, కొంచెం రుణ విద్యుదావేశం ఉంటుంది. కండిషనర్‌లోని పదార్థాలకి ధన విద్యుదావేశం. అందుకే కడిగినా పూర్తిగా పోకుండా పల్చగా అంటుకుని ఉంటాయి. రోజూ ఆఫీసుకి వెళ్ళే జుట్టుకి అది వరమే. ముప్పావు కిలో పూలు మోయాల్సిన జుట్టుకి కాదు. కుంకుడుకాయ అలా కాదు. అందులో నురగనిచ్చే సపోనిన్లు మురికినీ నూనెనీ తీసుకుపోతాయి, పైన పూతేమీ మిగల్చవు. కుంకుడు రసంతో తలంటుకున్న జుట్టు కాస్త బిరుసుగా, గరగరలాడుతూ ఉంటుంది. చిన్నప్పుడు కళ్ళలో పడి మంట పుట్టించిన ఆ రసాన్ని ఇలా పొగడాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు. మా పిల్లకి ఆ పొద్దున షాంపూ, కండిషనర్, ఆపైన సీరం, మూడూ పడ్డాయి.

మామూలు ఫంక్షన్ అయితే ముందురోజే తలంటేసుకోవడం మంచిది. ఒక రోజు గడిచిన జుట్టు మాట వింటుంది. పెళ్ళికూతురికి ఆ వీలుండదు, మంగళస్నానం అదే రోజు. మాడున పెట్టే నూనె శాస్త్రానికి నాలుగు చుక్కలు చాలు. తర్వాత కుంకుళ్ళు గానీ ఉత్త షాంపూ గానీ. కొసలు మరీ ఎండిపోయి ఉంటే కండిషనర్ భుజాల కిందనుంచి మాత్రమే.

ఆరబెట్టడం చాలామంది చిన్నచూపు చూసే పని. తడి వెంట్రుక ఉబ్బి ఉంటుంది, సాగుతుంది, పొడిగా ఉన్నప్పటికన్నా తేలిగ్గా తెగుతుంది. తడి మీద బిగించి వేసిన జడ ఆరేకొద్దీ వెంట్రుకలు సన్నబడి వదులైపోతుంది. ఒత్తు జుట్టు పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెడ దగ్గర తడి గంటల తరబడి ఉంటుంది. వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని. పూర్వం సాంబ్రాణి పొగ వేసింది వాసనకొక్కదానికే కాదు, ఆ నిప్పుల సెగకి లోపలి తడి కూడా లాగేసేది.

కానీ తడిని వాడుకునే చోటు ఒకటుంది, పాపిట. వెంట్రుకలోని కెరటిన్ ప్రోటీన్ పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. నీళ్ళు తగిలితే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ కట్టుకుంటాయి. అందుకని ముందు రెండు వేళ్ళ మేర జుట్టు చెమ్మగా ఉన్నప్పుడే పాపిట తీసి, అణిచి దువ్వి, ఆరనిస్తే ఆ పాపిట రాత్రంతా కదలదు. అదే జుట్టు పొడిగా ఉన్నప్పుడు పాపిట తీసి జెల్ పూయడం దీనికన్నా తక్కువ రకం ఉపాయమే.

బరువు ఎవరు మోస్తారు?

ఒక్క వెంట్రుక తెగకుండా దాదాపు 100 గ్రాములు మోయగలదు. తల మీద సుమారు లక్ష ఉంటాయి. లెక్కకి మన తల లారీని లాగాలి. అయినా పెళ్ళికూతుళ్ళు తలనొప్పితో విలవిల్లాడతారు, ఎందుకంటే బరువు లక్ష వెంట్రుకలకీ సమానంగా పంచబడదు. పిన్ను పట్టుకున్న ఇరవై ముప్ఫై వెంట్రుకలే దాన్ని మోస్తాయి. అవి తెగవు, కానీ వాటి కుదుళ్ళు గుంజుతాయి.

కాబట్టి పూలజడని పిన్నులతో తలకి వేలాడదీయకూడదు. అసలు జడకి తొడగాలి. ఈ రెండింటికీ తేడా తెలిసేసరికి నాకు మూడు పెళ్ళిళ్ళు పట్టింది.

నేనిప్పుడు చేసేది ఇది. తల వెనక, నడినెత్తికీ మెడకీ మధ్య, జుట్టులో సగం తీసి చిన్న పిలక కడతాను. రబ్బరుబ్యాండుతో కాదు, నల్ల ఉన్ని దారంతో పది పన్నెండు చుట్లు చుట్టి. రేవులో పడవ తాడుని గుంజకి నాలుగు చుట్లు తిప్పితే ఒక్క మనిషి పడవని ఆపగలడు; ప్రతి చుట్టుకీ పట్టు కూడికలా కాదు, హెచ్చింపులా పెరుగుతుంది. జుట్టుకీ అదే సూత్రం. రబ్బరుబ్యాండు రెండు మూడు మెలికలతో సరిపెట్టి మిగతాది బిగింపుతో నెట్టుకొస్తుంది, అందుకే నొప్పి. ఉన్ని దారం గరుకు, చుట్లు ఎక్కువ, బిగింపు తక్కువ. తీసేటప్పుడు కత్తిరిస్తే చాలు.

ఆ పిలక మొదట్లో సవరం కడతాను. అవును, నడుము దాటిన జుట్టుకి కూడా. జడ వేస్తే పాయలు అటూ ఇటూ వంకర్లు పోతాయి కాబట్టి పొడవు తగ్గుతుంది, పైగా కిందికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. పైన మూడు వేళ్ళ లావు, కింద ఎలుకతోక. అలాంటి జడ మీద ఒకే వెడల్పున్న పూలజడ కూర్చోదు, పక్కకి తిరుగుతుంది. ఇప్పటి పిల్లలకి స్టెప్ కట్టింగు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, ప్రతి మెలికలోంచీ కొసలు బయటికి పొడుచుకొస్తాయి. సవరం అడుగున ఉంటే అవన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. మూడు పాయల సవరమైతే ఒక్కో పాయనీ మన జుట్టు పాయతో కలిపి అల్లుకుపోవచ్చు. జుట్టుతో చేసిన సవరం, నైలాన్ సవరం పక్కపక్కన పెడితే రెండోది ఎక్కువ మెరుస్తుంది, ఎక్కువ జారుతుంది. దాని మీద కర్లింగ్ మిషన్ పెడితే కరిగిపోతుంది కూడా.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తన జడని తెర మీదికి వేసి సవాలు విసురుతుంది. ఆ వేషం తరతరాలుగా కట్టింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్ళే నోరెళ్ళబెట్టేవారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అన్నన్ని అడుగులకీ గిరికీలకీ ఊడని ఆ జడ సొంత జుట్టు మీద నిలబడింది కాదు. మోసింది కట్టు.

మూడు పాయల జడ అల్లడం పైన కొంచెం గట్టిగా, భుజాల దాకా వచ్చాక మామూలుగా. తర్వాత పూలజడని దాని మీద పరిచి, పెద్ద సూదికి నల్లదారం ఎక్కించి, జానెడుకొక చోట జడ మెలికలోంచి దూర్చి కుట్టేస్తాను. అయిదారు చోట్ల. అప్పుడు ఏ చోటి పూల బరువు ఆ చోటి జడే మోస్తుంది, పైన వేలాడేదంటూ ఉండదు. ఆఖర్న జడకుచ్చులు. కొందరు జడ కదలకుండా రవికెకి పిన్నీసు పెడతారు. ఫొటోకి బాగానే ఉంటుంది, కానీ తల వంచిన ప్రతిసారీ కుదుళ్ళని గుంజుతుంది. తలంబ్రాల దగ్గర తల వంచకుండా ఎవరుంటారు? ఆపాలనుకుంటే నడుము దగ్గర వడ్డాణం కిందికి వదులుగా దోపితే చాలు.

పిన్నుల గురించి రెండు ముక్కలు. పక్కపిన్నుకి ఒక కాలు తిన్నగా, ఒకటి వంకర్లతో ఉంటుంది. ఆ వంకర్లు మాడు వైపు ఉండాలి. అందం కోసమనుకుని చాలామంది పైకి పెడతారు, నేనూ పెట్టాను. ఒక్క పిన్ను కన్నా, గుణకారం గుర్తులా అడ్డంగా పెట్టిన రెండు పిన్నులు ఎంతో మేలు. మరీ జారే జుట్టయితే పిన్ను పెట్టబోయే చోట లోపలి పొరని మాత్రం కొసల నుంచి మొదటికి నాలుగుసార్లు ఎదురు దువ్వండి. పొలుసులు లేచి ఒకదానికొకటి కొక్కేల్లా పట్టుకుంటాయి. ఉన్ని స్వెట్టరు వేడినీళ్ళలో ఉతికితే గడ్డకట్టుకుపోయేది కూడా ఇందుకే. తలంతా అలా చేస్తే మాత్రం మర్నాడు మీ ఏడుపు మీదే.

కట్టిన పది నిమిషాల్లో కణతల దగ్గర లాగుతోందంటే, "కాసేపటికి అలవాటవుతుంది" అని సర్దిచెప్పకండి. అవ్వదు. విప్పి మళ్ళీ కట్టాలి. ఒక్క రాత్రికి ఏమీ కాదు గానీ, రోజూ అంత బిగించి దువ్వుకునేవాళ్ళకి నుదుటి అంచున జుట్టు వెనక్కి పోతుంది.

నడినెత్తి మీద చెయ్యి పడుతుంది

రిసెప్షన్ ఫొటోలు చూసి పెళ్ళికూతురికి ముందువైపు ఎత్తుగా పఫ్ పెట్టమని అడుగుతారు. మన పెళ్ళిలో ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టేది ఎక్కడో మర్చిపోతారు. సరిగ్గా ఆ పఫ్ మీదే. తమలపాకుతో సహా పెళ్ళికొడుకు చెయ్యి అక్కడే ఉంటుంది, మంత్రాలు అయ్యేదాకా. గంటసేపు లేపిన పఫ్ ఆ కాసేపట్లో అప్పడమవుతుంది, స్ప్రే కొట్టి ఉంటే పగిలినట్టు గీతలు కూడా పడతాయి. మన పెళ్ళిజడలో అలంకారమంతా పాపిట వెంబడి, చెంపల పక్కన, తల వెనక ఉండి నడినెత్తి మామూలుగా ఉండటం చూస్తే, ఆ పద్ధతి ఏర్పరచినవాళ్ళు తంతు అంతా తెలిసినవాళ్ళే అనిపిస్తుంది. బెల్లం ఎండితే గట్టిపడుతుంది. దువ్వెన పెట్టకుండా తడిగుడ్డతో అద్దితే కరిగి వచ్చేస్తుంది.

బాసికం కూడా అంతే. దాని దారం తల వెనక్కి వెళ్ళి ముడిపడాలి. కట్టేవాళ్ళు తొందరలో నాగరం మీదుగా లాగి కట్టేస్తారు, రెండు పూలు రాలతాయి. పక్కనే నిలబడి, దారం జడ కిందుగా మెడ దగ్గరికి తెచ్చి మీరే ముడి వేయండి. పురోహితుడు గారు ఏమీ అనుకోరు.

మల్లె, కనకాంబరం, నీళ్ళ సీసా

వేసవి సెలవుల్లో మల్లెమొగ్గల జడ వేయించుకుని, వెనక అద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ పడేలా స్టూడియోలో ఫొటో దిగిన తరం మాది. ఆ జడలు అరటి పట్ట మీదో అట్ట మీదో మొగ్గలు కుట్టి చేసేవాళ్ళు. పొద్దున మూసుకున్న మొగ్గే కావాలి, ఎందుకంటే మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది. కుట్టేటప్పుడు కనిపించిన సందులు చీకటిపడేసరికి వాటంతటవే పూడుకుపోతాయి. అయితే తెల్లవారుజాము ముహూర్తానికి ఆ మల్లెలు గోధుమరంగుకి తిరగడం మొదలవుతుంది. కనకాంబరానికి వాసన లేదు గానీ బరువూ లేదు, ఎంతసేపటికీ వాడదు. చేమంతి నిండుగా ఉంటుంది, బరువు తూగుతుంది. నడిరాత్రి ముహూర్తమైతే జడ ఒళ్ళంతా కనకాంబరం, మధ్యలో వరసగా చేమంతులు, వాసనకి పైన ఒక మూర మల్లెలు, ఇదీ నా లెక్క. కడియపులంకలోనో గుడిమల్కాపూర్‌లోనో మార్కెట్‌కి తెల్లారకముందే వెళ్ళి తెచ్చిన పూలకీ, పదిగంటలకి వీధి చివర కొన్న పూలకీ ఆయుష్షులో తేడా కనిపిస్తుంది.

పూలు వాడిపోతున్నాయని జడ తలకి కట్టాక నీళ్ళు చల్లుతారు. ఆ రాత్రి మా ఇంట్లోనూ ఎవరో సీసా పట్టుకుని తిరిగారు. పూలతో పాటు కింది జుట్టూ తడిసింది, ఉబ్బింది, బరువూ పెరిగింది. కండిషనర్ సగం పని చేస్తే ఆ సీసా మిగతా సగం చేసింది. చల్లాల్సిన నీళ్ళేవో కుట్టకముందే చల్లి, విదిలించి, తడిగుడ్డలో చుట్టి ఉంచాలి.

రిసెప్షన్‌కి జుట్టు వదిలేసి కర్ల్స్ వేసుకుంటామంటే, నడుము దాటిన జుట్టుకి నేను ఒప్పుకోను. మిషన్ వేడి చేసేది కూడా ఆ హైడ్రోజన్ బంధాల్ని సడలించడమే. చల్లారేదాకా వేలికి చుట్టి ఉంచితే నిలుస్తుంది. కానీ పొడవు జుట్టు బరువే దాన్ని కిందికి లాగేస్తుంది, విశాఖలాంటి చోట గాలిలో చెమ్మ ఆ బంధాల్ని మళ్ళీ విప్పేస్తుంది. గంటన్నరలో సగం కర్ల్స్, సగం చీపురు. పైగా వేడి 180 డిగ్రీలు దాటనివ్వకూడదు. తడి జుట్టు మీద మిషన్ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది, అది మళ్ళీ బాగుపడదు.

దానికన్నా కొప్పు. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ కొప్పులు చూసినవాళ్ళకి కొప్పు ముసలమ్మల వ్యవహారం అనిపించదు. జుట్టుని ఉత్తినే మెలిపెట్టి చుడితే జారుతుంది. రెండు జడలు వేసి, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి చుట్టండి. ఒకటి వదులవబోతే రెండోది అడ్డుకుంటుంది. యు పిన్నుతో కొప్పు అంచు జుట్టు కొంచెం, మాడు మీది జుట్టు కొంచెం అందుకుని, పిన్నుని తిరగేసి కొప్పు లోపలికి తొయ్యండి. ఆరు చాలు.

డాలస్‌లో ఉన్న మా అక్క ఫోన్ చేసి, అక్కడ చలికాలంలో హీటర్ల గాలికి జుట్టు ఎగిరెగిరి పడుతోందని, జడలోకి రావడమే లేదని చెప్పింది. మన దగ్గర చెమ్మ గొడవ, అక్కడ చెమ్మ లేని గొడవ. పొడి గాలిలో దువ్వెన రాపిడికి వెంట్రుకలన్నిటికీ ఒకే విద్యుదావేశం వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చెక్క దువ్వెన, అరచేతుల్లో రెండు చుక్కల నీళ్ళు, తీరిపోయింది. పూలజడ మాత్రం ఇక్కడినుంచి పంపిన ఫోమ్ పూలదే, తేలిక కాబట్టి నాలుగు కుట్లతో సరిపోయింది.

ఆ పెళ్ళిలో చివరికి ఏం చేశామంటే, పన్నెండు గంటలకి గది తలుపు వేసి, మొత్తం విప్పేసి, మెడ పైన జుట్టుకి కాస్త టాల్కం పౌడర్ అద్దాం. పౌడర్ సీరం జిడ్డుని పీల్చేసింది, జుట్టు చేతికి గరుగ్గా వచ్చింది. అమ్మమ్మ తన పాత సవరం తీసిచ్చింది. తెల్లవెంట్రుకల తల మీద నల్లగా కనిపించేది అదేనని అప్పుడే తెలిసింది మాకు. ముహూర్తానికి ఇరవై నిమిషాలుండగా బయటికి తెచ్చాం. తెల్లవారి ఏడింటికి విప్పేటప్పుడు ముందు కుట్లు కత్తిరించి, పూలజడ తీసి, తర్వాత పిన్నులు, ఆఖరికి దువ్వెన. అదీ కొసల నుంచి మొదలుపెట్టి పైకి. రెండోసారి 43 పిన్నులు పెట్టానని లెక్క రాసుకున్నాను. 41 దొరికాయి. ఒకటి మూడోరోజు అత్తవారింట్లో తలంటుకుంటుంటే దొరికిందట, గుప్పెడు తలంబ్రాలతో కలిపి.